జుట్టు ఊడిందా, చిక్కు పడిందా?

పోయిన జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే మా చెల్లెలి కూతురు శాన్ ఆంటోనియో నుంచి వీడియో కాల్ చేసింది. పలకరింపులేవీ లేవు. అరచెయ్యి తెచ్చి కెమెరా ముందు పెట్టింది. అందులో నిమ్మకాయంత జుట్టు ఉండ. "ఒక్క తలస్నానానికి ఇంత వచ్చింది పెద్దమ్మా. తల మీద మిగిలింది చూడు, కొబ్బరిపీచయిపోయింది" అంది. గొంతులో ఏడుపు తెలుస్తోంది.

జరిగింది ఇదీ. జుట్టు జిడ్డుగా, కళ తప్పి ఉంటోందని సెలూన్‌లో చెబితే, "నూనె, కండిషనర్, నీళ్ళలోని ఖనిజాలు అన్నీ పేరుకుపోయాయి, క్లారిఫయింగ్ షాంపూ వాడండి" అన్నారట. వారంలో రెండుసార్లు వాడింది. వాడినప్పుడల్లా తల కిర్రుమంటుంటే శుభ్రపడిందనుకుంది. కండిషనర్ పెడితే మళ్ళీ పేరుకుంటుందని మానేసింది. తడి జుట్టునే కుదుళ్ళ నుంచి దువ్వేసరికి దువ్వెన కదల్లేదు.

అమలాపురంలో చాలా ఏళ్ళు రసాయనశాస్త్రం చెప్పి, ఇప్పుడు ఏడాదిలో సగం కొడుకు దగ్గర అమెరికాలో గడుపుతున్నదాన్ని. మన ఆడపిల్లలు ఎక్కడ కలిసినా నాతో మొదటో రెండో మాట జుట్టు గురించే. అందుకే ఏదైనా రాయమని అడిగితే ఇదే రాస్తానన్నాను.

ఆ పిల్లని ఒక తెల్లకాగితం తెచ్చుకోమన్నాను. ఉండని విడదీసి, వెంట్రుకల్ని కాగితం మీద పరచమన్నాను. చాలాసేపు పట్టింది కానీ ఓపిగ్గా చేసింది. కొన్ని జడ పొడవునా ఉన్నాయి. వాటికి ఒక కొసన గసగసాల గింజకంటే చిన్న తెల్లటి బుడిపె ఉంది. మిగతావన్నీ పొట్టి ముక్కలు, బెత్తెడు, జానెడు. వాటికి బుడిపె లేదు. బుడిపె ఉన్నది కాలం తీరి ఊడిన జుట్టు. బుడిపె లేనిది మధ్యలో తెగిన జుట్టు. ఆ ఉండలో సగానికి పైగా తెగినవే.

ముందు ఊడిన వాటి సంగతి. మన తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటీ రెండు నుంచి ఆరేళ్ళు పెరుగుతుంది, నెలకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. తర్వాత రెండుమూడు వారాల్లో కుదురు ముడుచుకుంటుంది. ఆపైన మూడు నెలలు ఎదుగుదల లేకుండా అలాగే ఉండి రాలిపోతుంది. ఎవరికైనా రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. పొట్టి జుట్టున్నవాళ్ళకి అవి దిండు మీదా చొక్కా మీదా పడి తెలియకుండానే పోతాయి. మనలా జడ అల్లుకునేవాళ్ళకి అలా కాదు. ఊడిన వెంట్రుక కూడా జడలోనే చిక్కుకుని ఉంటుంది. ఐదు రోజులకోసారి తలంటుకుంటే ఆ ఐదు రోజులవీ ఒక్కసారే చేతిలోకి వస్తాయి. షాంపూ నురగ చర్మం పైపైనే ఉంటుంది. కుదురు చర్మం కింద కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. ఈ పూట రుద్దిన షాంపూ ఈ పూటే కుదురుని చంపదు. ఎటూ రాలిపోవాల్సిన వెంట్రుకల్ని కాస్త ముందుగా బయటికి లాగుతుంది, అంతే.

చిక్కు, తెగడం మాత్రం షాంపూ తెచ్చిపెట్టినవే.

గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి ఇది చెప్పడం తేలిక. చేపని తల నుంచి తోక వైపు నిమిరితే చెయ్యి జారుతుంది, ఎదురు నిమిరితే పొలుసులు గీసుకుంటాయి. వెంట్రుక మీదా అలాంటి పొలుసులే ఒకదాని మీద ఒకటి కప్పుకుని ఉంటాయి, కుదురు నుంచి కొస వైపుకి. ఆ పొలుసుల మీద పుట్టుకతో వచ్చిన పలచటి కొవ్వు పొర ఒకటి ఉంటుంది. దాని మీద తలలో ఊరే జిడ్డు, మనం రాసే నూనె, కండిషనర్ వదిలే సిలికోన్ చేరతాయి. వెంట్రుక పక్క వెంట్రుక మీద నుంచి జారిపోయేది ఈ నునుపు వల్లే. మామూలు షాంపూల్లో కడిగే పదార్థంతో పాటు నునుపునిచ్చేవి కూడా కొద్దిగా కలుపుతారు. క్లారిఫయింగ్ షాంపూలో కడిగే పదార్థం పాలు ఎక్కువ, నునుపునిచ్చేవి దాదాపు ఉండవు. చాలా వాటిలో కాల్షియం, రాగి వంటి వాటిని పట్టి లాగే ఇ.డి.టి.ఎ. కూడా కలుపుతారు. అది చెయ్యాల్సిన పని అది చక్కగానే చేస్తుంది. పేరుకున్నదంతా తీసేస్తుంది, బదులుగా ఏమీ పెట్టదు. అప్పుడు పొలుసుకి పొలుసు తగులుతుంది. పైగా వెంట్రుకకి ఋణవిద్యుదావేశం ఉంటుంది. నునుపు పోయాక అది ఇంకా బయటపడి, ఆరిన జుట్టు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తుంది. "కిర్రుమంటోంది" అని మా పిల్ల మురిసిపోయిన చప్పుడు ఆ ఒరిపిడిదే. పుట్టుకతో వచ్చిన కొవ్వు పొరని మాత్రం ఒకటి రెండు తలస్నానాలు తీసెయ్యలేవు. రంగులు, బ్లీచింగ్ తీసేస్తాయి. రంగు వేసుకునేవాళ్ళ జుట్టు ఈ షాంపూకి ఎక్కువగా చిక్కుపడేది అందుకే.

పొలుసుల దిక్కు ఎంత ముఖ్యమో తెలియాలంటే వెంట్రుకల వ్యాపారం చూడాలి. మన వీధుల్లో చిక్కు వెంట్రుకలు కొనేవాళ్ళు కేక వేసుకుంటూ వచ్చేవారు. దువ్వెనకి వచ్చిన జుట్టుని మా మామ్మ ఉండ చుట్టి చూరులో దోపేది. అవన్నీ పోగుచేసి ఇస్తే స్టీలు గిన్నో, ప్లాస్టిక్ బుట్టో ఇచ్చేవారు. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలని తిరుమల తిరుపతి దేవస్థానం వేలం వేస్తుంది. వాటిలో పొడవైన వాటికి చాలా ధర పలుకుతుంది. రెండూ వెంట్రుకలే, మరి అంత తేడా ఎందుకు? తలనీలాల్లో కుదుళ్ళన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు ఉంచి కట్ట కట్టొచ్చు. చిక్కు ఉండలో సగం తలకిందులు. పొలుసుకి పొలుసు ఎదురై, ఎంత దువ్వినా మళ్ళీ చిక్కుపడుతుంది. అందుకని ఆ రకం జుట్టుని ఆమ్లంలో ముంచి పొలుసులే కరిగించి, పైన సిలికోన్ పూసి, సవరాలకి, విగ్గులకి వాడతారు. నాలుగు తలస్నానాలకి ఆ పూత పోగానే చిక్కు మొదలవుతుంది. మా పిల్ల తల మీద జరిగింది దాదాపు ఇదే, పూత పోయింది.

మా మామ్మ తలంటు పోసే తీరు ఇప్పుడు తలుచుకుంటే, ఆ వరసలోనే అంతా ఉంది. ముందు రోజు రాత్రో, తెల్లవారుజామునో కొబ్బరినూనె. అది అంబాజీపేట కురిడీలు గానుగ ఆడించిన నూనె, మూత తీస్తే గదంతా వాసన. పెరట్లో కొబ్బరి డొక్కలు మంటపెట్టి నీళ్ళు కాచేది. కుంకుడుకాయలు రాతి మీద చితక్కొట్టి, గింజలు ఏరేసి, వేణ్ణీళ్ళలో నానబెట్టి పిసికేది. ఆ పులుసులోనే గుప్పెడు మందారాకు నలిపి వేసేది. కళ్ళలో పడి మేం గోల పెడితే ఒక ఉప్పుకల్లు నోట్లో వేసేది. చివర్న సాంబ్రాణి పొగ. జుట్టు ఆరి, వేళ్ళతో చిక్కు విడదీశాకే దువ్వెన ముట్టుకునేది.

ఈ వరసలో మూడు పనులున్నాయి: కడిగే ముందు కాపు, కడగడం, కడిగాక నునుపు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, తిన్ననిది, అందుకే వెంట్రుక లోపలికి చొచ్చుకుపోగలదు. 2003లో ముంబైలోని మారికో సంస్థ పరిశోధకులు రేలే, మొహిలే కొబ్బరినూనెని పొద్దుతిరుగుడు నూనెతో, మినరల్ ఆయిల్‌తో పోల్చి చూశారు. తలస్నానానికి ముందు రాసినా తర్వాత రాసినా వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే అని తేల్చారు. ఆ సంస్థ అమ్మేదే కొబ్బరినూనె, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అయినా వాళ్ళు చూపించిన కారణం రసాయనశాస్త్రానికి నిలబడేదే. నీళ్ళకి వెంట్రుక ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. లోపల నూనె ఉంటే ఆ ఉబ్బు తగ్గుతుంది, పొలుసులు లేవడమూ తగ్గుతుంది. మందారాకు జిగురు ఇప్పటి కండిషనర్ పని చేసేది.

కుంకుడుకాయని దేవుణ్ణి చెయ్యడం కూడా నాకిష్టం లేదు. చిక్కగా పిసికిన పులుసు జుట్టుని ఎండబెడుతుంది. కళ్ళు మండుతాయి. కాయకీ కాయకీ బలం మారుతుంది. ఉద్యోగాలకి పరుగెత్తే పిల్లల్ని రాతి మీద కాయలు కొట్టమనడం న్యాయం కాదు. అసలు షాంపూ కూడా మనకి పరాయిది కాదు. ఆ మాటే తలని ఒత్తమనే 'చాంపో' అన్న హిందీ మాట నుంచి ఇంగ్లీషులోకి వెళ్ళింది. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో స్నానశాల పెట్టి ఆ మర్దన నేర్పాడు. 1980లలో కడలూరు నుంచి వచ్చిన చిక్ పాకెట్లతో షాంపూ మన కిళ్ళీకొట్ల ముందు దండలుగా వేలాడింది. మనం పోగొట్టుకున్నది కుంకుడుకాయని కాదు, ఆ వరసని. పాకెట్ వచ్చాక మధ్యలో కడగడం ఒక్కటే మిగిలింది.

ఇక నీళ్ళు. కోనసీమలోనే కొత్తపేట వైపు కాలువ నీళ్ళు ఒకలా ఉంటాయి, రాజోలు దాటి సముద్రం దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్ళు ఒకలా ఉంటాయి. ఉప్పు నీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కట్టి జుట్టుకి అంటుకుంటుంది. సబ్బులోని కొవ్వు ఆమ్లం నీళ్ళలోని కాల్షియంతో కలిసి చేసే పని అది. కుంకుడు రసమూ షాంపూలూ ఆ తెట్టు కట్టవు. శాన్ ఆంటోనియో నీళ్ళు సున్నపురాతి పొరల్లోంచి వచ్చేవి, కాబట్టి అక్కడ కాల్షియం చాలా ఎక్కువ. మా పిల్లకి క్లారిఫయింగ్ షాంపూ చెప్పడం తప్పు కాదు. నెలకోసారి చాలిన దాన్ని వారానికి రెండుసార్లు వాడడం, ముందూ వెనకా ఏమీ పెట్టకపోవడం, ఇవే తప్పులు. షాంపూ బదులు వంటసోడా రుద్దుకోమని చెప్పేవాళ్ళున్నారు. దయచేసి వద్దు. క్షారం తగిలితే వెంట్రుక ఇంకా ఉబ్బుతుంది, ఒరిపిడి ఇంకా పెరుగుతుంది.

కువైట్, మస్కట్‌లకి ఇంటిపనికి వెళ్ళిన మన రాజోలు, మలికిపురం వైపు ఆడవాళ్ళు ఒక మాట అంటుంటారు: "ఆ నీళ్ళకే జుట్టంతా పోయిందండి." వాళ్ళ బాధ నిజం. కానీ అక్కడి కుళాయి నీళ్ళు చాలామటుకు సముద్రపు నీటిలో ఉప్పు తీసి ఇచ్చేవి. ఇంటి మీద ట్యాంకు సంగతి పక్కన పెడితే, మన ఉప్పు బోర్ల కంటే అందులో ఖనిజాలు తక్కువే. నేను వాళ్ళని అడిగేది ఒకటే: వెళ్ళిన ఎన్నాళ్ళకి ఊడడం మొదలైంది? "రెండు మూడు నెలలకండి" అంటారు ఎక్కువమంది. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి ఒక్కసారిగా తగ్గిపోవడం, మనసుకి పెద్ద దెబ్బ: వీటిలో ఏది తగిలినా చాలా కుదుళ్ళు ఒకేసారి ఎదుగుదల ఆపేస్తాయి. ఊడడం మాత్రం రెండు మూడు నెలల తర్వాత కనిపిస్తుంది. పిల్లల్ని వదిలి, నిద్ర లేక, పరాయి ఇంట్లో మిగిలింది తిని బతికిన ఆ మొదటి రోజులు జుట్టులో ఆలస్యంగా లెక్క చెబుతాయి. నీళ్ళని తిట్టుకుంటూ కూర్చుంటే ఆ మనిషి తిండీ, రక్తహీనతా ఎవరికీ పట్టకుండా పోతాయి. నాకు కోపం వచ్చేది అక్కడే.

అందుకే మా పిల్లనీ అడిగాను, మూడు నెలల వెనక ఏమైంది అని. కాసేపు ఆలోచించింది. అమెరికా ప్రయాణానికి ముందు, సెప్టెంబరులో, అమలాపురంలో డెంగీ వచ్చి పడుకుంది. బుడిపె ఉన్న ఆ పొడుగు వెంట్రుకలు మామూలుకంటే ఎక్కువ రావడం ఆ జ్వరం వల్ల. పొట్టి ముక్కలు షాంపూ, దువ్వెన వల్ల. రెండు కారణాలు ఒకే ఉండలో కలిసిపోయి దాన్ని హడలగొట్టాయి.

ఏం చెయ్యమన్నానంటే, తలంటుకి గంట ముందు కొసల దాకా పలచగా కొబ్బరినూనె. మామూలు షాంపూ కుదుళ్ళకి మాత్రమే, కొసలకి కారే నురగ చాలు. ప్రతిసారీ కండిషనర్, చెవుల కింద నుంచి కొసల దాకా. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగినప్పుడు లాగితే తెగుతుంది. మనలాంటి తిన్నటి జుట్టువాళ్ళు సగం ఆరాక, వెడల్పు పళ్ళ దువ్వెనతో, కొసల దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. క్లారిఫయింగ్ షాంపూ నెలకోసారి. రక్తంలో ఇనుము, థైరాయిడ్ పరీక్ష చేయించుకోమన్నాను. ఇనుము తక్కువగా ఉందని తేలింది, డాక్టరు మాత్రలు రాశారు. గుండ్రంగా మచ్చలా జుట్టు పోయినా, పాపిడి వెడల్పవుతున్నా, మాడు ఎర్రబడి నొప్పి పెట్టినా, ఆరు నెలలైనా ఆగకపోయినా షాంపూలు మారుస్తూ కూర్చోకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళాలి.

పొట్టి ముక్కలు మూడో వారానికి దాదాపు ఆగిపోయాయి. బుడిపె ఉన్నవి మాత్రం మార్చి దాకా వస్తూనే ఉన్నాయి. అలాగే వస్తాయని ముందే చెప్పాను కాబట్టి ఓర్చుకుంది. మే నెలలో మళ్ళీ ఫోను. "పెద్దమ్మా, నుదురు మీద చుట్టూ మళ్ళీ తెగిపోయింది, వేలెడు వెంట్రుకలు నిలబడుతున్నాయి" అంది. ఒకదాన్ని వెలుతురుకి అడ్డంగా పెట్టి కొస చూడమన్నాను. తెగిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది. కాసేపు మాట లేదు.

"సన్నగా ఉంది పెద్దమ్మా, సూదిలా."

"అది కొత్తదమ్మా. జడలోకి అందడానికి ఇంకా ఏడాది పడుతుంది. కాస్త నూనె రాసి పక్కకి దువ్వుకో."