తాతగారి ఇల్లు ఏట్లో... అన్నదమ్ములు గట్టున

కోనసీమ లంకలో పండగపూట కలిసిన బంధువులు

రేవులో పడవ దిగగానే ఆయన కళ్లు తాతగారి పెంకుటింటి కోసం వెతికాయి. పోయిందని తెలుసు. అయినా వెతికాయి. ఇల్లూ లేదు, ఇంటిముందు కొబ్బరితోటా లేదు. అవి ఉన్నచోట గోదావరి పారుతోంది.

"అదుగో బావా, ఆ నాటుపడవ పోతోందే, అక్కడే మన వీధి అరుగు" అని మేనత్త కొడుకు చెయ్యిచాపి చూపించారు.

ఉద్యోగం కోసం లంక విడిచి ముప్పై ఏళ్లు దాటిన ఆయన సంక్రాంతికి భార్యాపిల్లలతో వచ్చారు. ఇన్నాళ్లూ రాకపోవడానికి ఉద్యోగం ఒక్కటే కారణం కాదు. తాతగారు పోయాక తోట పంపకాల్లో పెదనాన్న కొడుకుతో మాట పట్టింపు వచ్చింది. ఒకరింటి పెళ్లికి ఇంకొకరు వెళ్లలేదు. ఏ తోట కోసం పట్టుదలకు పోయారో ఆ తోటను ఏరు ఎవరినీ అడక్కుండా పట్టుకుపోయింది.

లంకవాసులకు ఇది కొత్త కాదు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఇల్లు మునిగితే బురద కడుక్కుని మళ్లీ కాపురం పెట్టుకోవచ్చు. కోత అలా కాదు. వరద తీసేటప్పుడు ఒండ్రుగట్టు అడుగున ఇసుక జారిపోయి, పైనున్న కొబ్బరిచెట్టు నిలువునా ఏట్లోకి ఒరుగుతుంది. భూమి పోయినా పట్టా కాగితం మాత్రం బీరువాలో భద్రంగా ఉంటుంది!

పట్నంలో పెరిగిన పిల్లలకు అందరూ 'కజిన్సే'. ఎవరు బావో, ఎవరు అన్నో, ఎవరితో వేళాకోళం ఆడొచ్చో, ఎవరికి దణ్ణం పెట్టాలో తెలుసుకోవడానికే వాళ్లకు ఒక పూట పట్టింది. తప్పు పిలిచినప్పుడల్లా మేనత్త నవ్వుతూ దిద్దారు.

పెదనాన్న కొడుకు భోగినాడు కనిపించలేదు. పండగనాడూ రాలేదు. కనుమ పొద్దున్నే బొండాల గెల ఒకటి భుజాన వేసుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"గట్టు విరగకముందే తాతగారి సింహద్వారం ఊడదీయించి మా ఇంటికి పెట్టించాను. అందులో నీకూ సగం ఉంది. చెప్పలేదనుకునేవు" అన్నారు.

"ఉండనీ అన్నయ్యా. ముందు లోపలికి రా" అన్నారు ఈయన.

సెలవు చాలదని ఆ మధ్యాహ్నమే బయల్దేరాలనుకున్నారు. కనుమనాడు కాకి అయినా కదలదని మేనత్త కేకలేశారు. సంచులు మళ్లీ లోపలికి వెళ్లాయి. పిల్లలు అప్పటికే బావలతో కలిసి ఇసుకతిప్ప మీదికి పరుగెత్తారు.