సరస్సుపై మహాగని మెఱుపు

ఉత్తర ఇటలీలోని ఇసేయో సరస్సు తీరమున సార్నికో యను చిన్న పట్టణము గలదు. 1842వ సంవత్సరమున నొక గాలివాన అచటి జాలరుల పడవలను భగ్నము చేయగా, పియెత్రో రీవా యను యువకుడు వానిని బాగుచేసి యిచ్చి వారి విశ్వాసమును చూఱగొనెను. ఆ చిన్న పనిశాలయే కాలక్రమమున పడవల కర్మాగారమై, నాలుగవ తరమువాడైన కార్లో రీవా చేతిలో లోకప్రసిద్ధి గాంచెను. 1962లో ఆతడు వెలువరించిన అక్వారామా యను మోటారు పడవను చూచినవారు నేటికిని ఒక్కక్షణము నిలిచి, మరల చూడక కదలరు. ఈ యాకర్షణమునకు మూలమేమి?

మొదటిది, ఆ రూపము ఊరక యలంకారమునకై కల్పింపబడినది కాదు. పడవ మెల్లగా పోవునపుడు తన బరువునకు సమానమైన నీటిని తొలగించుకొని, అందు మునిగియే సాగును. వేగము హెచ్చిన కొలది, తాను లేపిన యలయే తనకు అడ్డుగట్టయై నిలుచును. ఆ గట్టును దాటవలెనన్న గొప్ప బలమును, తగిన అడుగును గావలెను. ముందు నాగటికఱ్ఱువలె వాడియై, వెనుకకు పోను పోను చదునగు అడుగుభాగమును నీరే క్రిందినుండి ఎత్తిపట్టగా, పడవ నీటిని చీల్చుట మాని నీటిపై జాఱును. అక్వారామాలో నమర్చిన రెండు ఎనిమిది సిలిండర్ల ఇంజనులు ఎనిమిది మీటర్లకు మించిన పొడవుగల ఆ దారుకాయమును గంటకు 80 కిలోమీటర్లకు చేరువైన వేగమున కొనిపోగలవు. మన కన్ను లావణ్యమని మెచ్చు ఆ వంపు, జలము విధించిన శాసనమే.

రెండవది, హస్తకౌశలము. నునుపుదేఱిన మహాగని చెక్కపై వార్నిషు పూసి, ఆఱిన పిమ్మట రుద్ది, మరల పూసి, ఇట్లు దాదాపు 20 పూతలు పెట్టిన గాని ఆ తేనెవన్నె లోతుగా వెలుగదు. విశాలచిత్రప్రదర్శనమైన సినేరామా పేరును దలపించు నామమునకు తగినట్లు, ముందు భాగమున వంపుదిరిగిన వెడల్పాటి గాజుతెర ఆనాటి అమెరికా కార్ల సొగసును స్ఫురింపజేయును. అమెరికాలోని క్రిస్-క్రాఫ్టు పడవలను కార్లో రీవా యెంతయో మెచ్చి, వారి ఇంజనులనే తన పడవలలో వాడెను. పరదేశపు యంత్రబలమును స్వదేశపు వడ్రంగముతో జతపఱచుటయే ఆతని ప్రతిభ.

ఇంతలో ఫైబర్‌గ్లాసు వచ్చెను. అచ్చులో రూపొందు ఆ పడవ చౌక. కొయ్యకు వలసినంత సంరక్షణమును కోరదు. అక్వారామా నిర్మాణము 1996లో ముగిసెను. అయినను కొయ్యపడవ నశింపలేదు. ఏలయన దాని పలక చెడిన మార్చవచ్చును, పూత మాసిన గీకి మరల పూయవచ్చును. కార్ల నిర్మాత ఫెరుచ్చో లంబోర్గీనీ 1968లో తన సొంత పన్నెండు సిలిండర్ల ఇంజనులను రెంటిని పెట్టించుకొన్న అక్వారామా, ఏండ్ల తరబడి మఱుగునపడియుండి, నెదర్లాండ్సు పనివారి శ్రమచే 2013లో మరల నీటికి దిగెను. పియెత్రో రీవా జాలరుల పడవలకు జేసిన పనియే అది. బాగుచేయదగిన వస్తువునందే మనుష్యుని మమత తరతరములకు నిలుచునని సార్నికో పడవలు మనకు జెప్పుచున్నవి.