చిన్న ట్రాక్టరు, చిన్న తోట: ఎన్ని గంటలకు గిట్టుబాటు?

హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో రెండు రకాల మనుషులు ఇప్పుడు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. తాతలనాటి నాలుగెకరాల మామిడితోటను నమ్ముకున్న రైతు ఒకరు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ తళి దగ్గరో, డెంకణికోట దగ్గరో, సూళగిరి దగ్గరో నేల కొని శనాదివారాలకు వచ్చిపోయేవారు మరొకరు. ఇంటికి ఒక చిన్న ట్రాక్టరు కొనుక్కుంటే ఖర్చు గిట్టుతుందా అన్నది ఆ ప్రశ్న.

చిన్న ట్రాక్టరు ఈ నేలకు కొత్తదేమీ కాదు, హోసూరులోనే తయారవుతోంది. 1967లో జపానువాళ్ల మిత్సుబిషి సహకారంతో పవర్ టిల్లర్లు చేయడానికి పుట్టిన బెంగళూరు సంస్థ వీఎస్టీకి ఇక్కడ ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. మహీంద్రా యువరాజ్ 215 లాంటి 15 హెచ్‌పీ బండ్లు, కుబోటా వాళ్ల 24 హెచ్‌పీ బండ్లు కూడా సందుల్లో దూరే పనికని వచ్చినవే. వీటి వెడల్పు మూడు నాలుగడుగులు, 15 హెచ్‌పీ బండి బరువు ఏడెనిమిది వందల కిలోలు. మనం మామూలుగా బాడుగకు పిలిచే 45 హెచ్‌పీ బండి రెండు టన్నుల దాకా తూగుతుంది. కొమ్మలు కిందికి వాలిన తోతాపురి చెట్ల నడుమ, టమాటా సాళ్ల నడుమ ఆ పెద్ద బండి సులువుగా తిరగలేదు. చిన్నదాని మీద ఆశ అక్కడే మొదలవుతుంది.

ఆ ఆశ తప్పు కాదు. తమిళనాడులో సగటు కమతం 2015-16 వ్యవసాయ గణన ప్రకారం 0.75 హెక్టారు, అంటే రెండెకరాలకు లోపే. ఇంత చిన్న కయ్యలున్న చోట పెద్ద యంత్రం కంటే చిన్న యంత్రమే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. అయితే సరిపోవడం వేరు, గిట్టుబాటు కావడం వేరు. నేను చూసినంతలో చాలామంది ట్రాక్టరు లెక్కను ఎకరాల్లో వేస్తున్నారు. అది గంటల్లో వేయాల్సిన లెక్క.

ఎందుకో చూద్దాం. ట్రాక్టరు ఖర్చు రెండు భాగాలు. నడిపితే అయ్యే ఖర్చు ఒకటి, నడిపినా నడపకున్నా అయ్యే ఖర్చు ఇంకొకటి. డీజిలు, ఆయిలు, రిపేర్లు మొదటి భాగం. కొన్న డబ్బు ఏటేటా కరిగిపోవడం, దాని మీద వడ్డీ, ఇన్సూరెన్సు, షెడ్డు రెండో భాగం. వ్యవసాయ యంత్రాల ఖర్చు లెక్కగట్టడానికి మన దేశంలో 1979 నుంచీ ఒక ప్రమాణ పత్రమే ఉంది, ఐఎస్ 9164 అని. మన ఇంజనీర్లు వేసే లెక్కల్లో ట్రాక్టరు ఆయుస్సు పదేళ్లు, ఏడాదికి వెయ్యి గంటలు అని అనుకోవడం వాడుక. పదేళ్ల తరవాత కొన్న ధరలో పదోవంతు చేతికొస్తుందనుకుంటారు.

ఆ పద్ధతిలోనే మన తోటకు లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ ఊరి ధరలు మీరు పెట్టుకోండి. బండి నాలుగు లక్షలు, చిన్న రోటవేటరు, మందుకొట్టే పంపు కలిపి ఇంకో లక్ష అనుకుందాం. మొత్తం 5 లక్షలు. పదేళ్ల తరవాత 50 వేలు వెనక్కొస్తే ఏడాదికి కరిగేది 45,000. బండిలో ఇరుక్కున్న సొమ్ము సగటున రెండుముప్పావు లక్షలు, దాని మీద నూటికి పది చొప్పున వడ్డీ 27,500. అప్పు చేయకుండా చేతి డబ్బు పెట్టినా ఈ వడ్డీ ఉన్నట్టే, ఆ డబ్బు ఇంకెక్కడో సంపాదించి ఉండేది. ఇన్సూరెన్సుకీ షెడ్డుకీ పదివేలు. అన్నీ కలిపి ఏడాదికి 82,500 రూపాయలు. ఇంకా తాళంచెవి తిప్పలేదు.

తిప్పిన తరవాత గంటకు రెండు లీటర్ల డీజిలు, కొంత ఆయిలు, కొంత రిపేరు, సుమారు 300 అనుకోండి. ఏడాదికి వంద గంటలు నడిపితే గంటకు 825, దాని మీద 300, మొత్తం 1,125 రూపాయలు. అరవై గంటలే నడిపితే గంట 1,675 పడుతుంది. నాలుగు వందల గంటలు నడిపితే 506కు దిగుతుంది. బండి అదే, డీజిలు అదే, మారింది గంటలే.

ఇప్పుడు బాడుగ బండితో పోల్చాలి. ఇక్కడే చాలామంది గంటకు గంట పోల్చి దెబ్బతింటున్నారు. పెద్ద ట్రాక్టరు రోటవేటరు ఎకరాన్ని సుమారు గంటలో తిప్పేస్తే, మూడడుగుల వెడల్పు రోటవేటరు కట్టిన చిన్న బండికి రెండు గంటలు పడుతుంది. బాడుగ గంటకు 1,200 అనుకుంటే ఎకరానికి 1,200. సొంత బండి దానికి సరితూగాలంటే గంట ఖర్చు 600 దాటకూడదు. అంటే నడిపే ఖర్చు 300 పోగా స్థిర ఖర్చు గంటకు 300 లోపు రావాలి. 82,500ను 300తో భాగిస్తే 275. ఏడాదికి 275 గంటలు.

నాలుగెకరాల ఆసామికి అన్ని గంటల దుక్కి ఎక్కడిది? మామిడితోటను ఏడాదికి మూడుసార్లు తిప్పినా పన్నెండెకరాల పని. పక్కనున్న ఎకరంలో కూరగాయలు రెండు కాపులు తీసి, కాపుకు మూడుసార్లు దున్నితే ఇంకో ఆరెకరాలు. మొత్తం పద్దెనిమిది ఎకరాల దుక్కి, చిన్న బండికి 36 గంటలు. అదే పని బాడుగకు చేయిస్తే 21,600 రూపాయలు. అంత ఖర్చు తప్పించుకోవడానికి ఏటా 82,500 పెట్టి, పైన డీజిలు కూడా పోయాలా? రాష్ట్ర ప్రభుత్వ వ్యవసాయ ఇంజనీరింగ్ శాఖ తన ట్రాక్టర్లను గంటకు 500 చొప్పున బాడుగకిస్తోంది, ఇ-వాడగై పేరుతో ఫోనులోనే అడిగే ఏర్పాటూ ఉంది. ఆ రేటుతో పోలిస్తే దుక్కి కోసం సొంత బండి కొనడానికి కారణమే మిగలదు.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. మంచిదే. పన్ను కాక మూడుముప్పావు లక్షల బండి మీద 26 వేల పైచిలుకు మిగులుతుంది. అయితే పైన వేసిన ఏడాది ఖర్చులో దీనివల్ల తగ్గేది నాలుగు వేల లోపే. కొనకూడని బండిని కొనదగ్గదిగా మార్చేంత తగ్గింపు కాదది. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకూ మహిళలకూ ఎస్సీ, ఎస్టీ రైతులకూ సగం దాకా, మిగతావాళ్లకు నూటికి నలభై దాకా సబ్సిడీకి వీలుంది. ఆ పథకంలో యంత్రానికో గరిష్ఠ పరిమితి ఉంటుంది, మీరు చూసిన మోడల్ జాబితాలో ఉందో లేదో ముందే అడగాలి. సబ్సిడీ నిజంగా చేతికొస్తే లెక్క బాగా మారుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

మరి చిన్న ట్రాక్టరు ఎవరికీ గిట్టదా? గిట్టుతుంది, దుక్కిని పక్కనపెట్టి మిగతా పనులు చూసినవాళ్లకు.

మామిడికి మందు కొట్టడం తీసుకోండి. పాత పద్ధతిలో ముప్పై ముప్పైమూడు అడుగుల ఎడంతో నాటిన తోటలో ఎకరానికి నలభై చెట్లు, నాలుగెకరాలకు 160. పెద్ద చెట్టుకు పది పన్నెండు లీటర్ల మందునీళ్లు కావాలి. ఒక్క దఫాకు రెండువేల లీటర్ల దగ్గరికి వస్తుంది. పూత మీద తేనెమంచు పురుగు, బూడిద తెగులు కనిపించాయంటే ఆ వారం చాలా విలువైనది. వెనకనుండే షాఫ్టుతో తిరిగే పంపు, నాలుగు వందల లీటర్ల ట్యాంకు ఉంటే ఐదారు ట్యాంకులతో తోట ముగుస్తుంది. కాపుకు నాలుగు దఫాలు కొడితే 35 గంటల పని అనుకోవచ్చు. ఇక్కడ పోల్చాల్సింది పెద్ద ట్రాక్టరు బాడుగతో కాదు, వీపున డబ్బా మోసుకుని కొమ్మ కొమ్మకూ పైకి చిమ్మే కూలీ కష్టంతో, ఆ వారంలో కూలీ దొరక్కపోవడంతో.

ఇంకో పెద్ద పని ఆవులది. ఐదారు పాడి ఆవులుంటే రోజూ కో-4 గడ్డి కోసి దొడ్డికి చేర్చాలి, పేడ చేనికి తోలాలి, పాలు కేంద్రానికి పోయాలి. రోజుకు అరగంట చొప్పున మూడు వందల రోజులంటే 150 గంటలు. దుక్కి 36, మందు 35, తోలకం 150, మొత్తం 221. గిట్టుబాటు గీత అయిన 275కు దగ్గరకొచ్చాం. అందుకే నా ఉద్దేశంలో ఈ ప్రాంతపు చిన్న ఆసామికి ట్రాక్టరు కొనే అర్హతను నిర్ణయించేది నేల విస్తీర్ణం కన్నా దొడ్డిలో ఆవుల సంఖ్యే. తోలకానికి ట్రాలీ కొనాలి, అది వేరే ఖర్చు. తోలకం గంటకు దుక్కి గంటంత విలువ రాదు కూడా, అక్కడ తప్పేది ఇంటి మనిషి వెన్నునొప్పి, మిగిలేది కొంత సమయం. ఆ సమయం దేనికి వాడుకుంటారన్నది ఇంటింటికీ వేరు. గడ్డి నరికే యంత్రానికి మాత్రం ట్రాక్టరు అక్కర్లేదు, కరెంటు మోటారుతో చవకగా నడుస్తుంది.

డబ్బుతో సులువుగా కొలవలేనిది పదును. మన ఎర్రనేలలు వానకు తొందరగా మెత్తబడి అంతే తొందరగా గట్టిపడతాయి. మంచి వాన పడ్డాక దున్నడానికి వీలుండేది కొన్ని రోజులే. ఆ రోజుల్లోనే ఊరంతా ట్రాక్టరు కోసం ఫోన్లు చేస్తుంది. బాడుగ బండి ముందు పదెకరాలు ఒక్కచోట ఉన్నవాళ్ల దగ్గరికే పోతుంది, యాభై సెంట్ల రాగిచేను చివరన ఉంటుంది. ఆ చేను వంతు వచ్చేసరికి పదును ఆరిపోయి ఉంటుంది. ఒకనాడు మడక, జత ఎద్దులు ఇంట్లో ఉన్నప్పుడు ఈ బాధ లేదు, ఎకరం దున్నడానికి పాతిక కిలోమీటర్లకు పైగా సాళ్లలో నడవాల్సి వచ్చినా సరే, వాన పడ్డ మర్నాడే చేలో దిగేవాళ్లు. వానాధారపు రాగులు, చెనిక్కాయలు వేసే రైతు చిన్న ట్రాక్టరు కావాలన్నప్పుడు అతను అడుగుతున్నది ఈ స్వాతంత్ర్యం. దాన్ని తేలిగ్గా తీసేయలేను. మీకు గత మూడు నాలుగేళ్లలో పదును తప్పి ఎన్ని విత్తులు చెడ్డాయో, వాటి విలువెంతో ఇంట్లో కూర్చుని లెక్కేసి, ఆ మొత్తాన్ని ఏడాదికింత అని ట్రాక్టరు వైపు కలపండి.

అప్పు చేసి కొనేవాళ్ల గురించి నాకు బెంగ ఎక్కువ. మామిడి ఒకేడు విరగకాసి మరుసటేడు ముఖం చాటేసే పంట. ధర గుజ్జు ఫ్యాక్టరీల చేతిలో ఉంటుంది. 2025లో తోతాపురి ధర పడిపోయి, పక్కనున్న చిత్తూరు ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు తాను భరించి, ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలని చెప్పాల్సి వచ్చింది. కృష్ణగిరి రైతుకు అప్పుడు ఆ 4 రూపాయల ఆసరా కూడా లేకపోయింది. కాయ ధర సగానికి పడినా బ్యాంకు కిస్తు సగం కాదు. అందుకని మామిడి ఆదాయాన్ని చూపి కిస్తు కట్టగలననుకునేవారు, పంట సరిగా రాని ఏడాది ఆదాయంతో లెక్క వేసుకోవాలి. ఆ ఏడాదిలో కూడా పాలడబ్బుతోనో జీతంతోనో కిస్తు కట్టగలిగితేనే ముందుకు పోవాలి.

శనాదివారాల తోటలున్నవారి సంగతి వేరు. ఏడాదికి యాభై గంటలు కూడా నడవని బండి వాళ్లది. నిలిచిన బండికి ఖర్చు లేదనుకోవద్దు. బ్యాటరీ చచ్చిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, టైర్లు ఎండకు పగుళ్లిస్తాయి. అయినా సొంత చేత్తో నేల దున్నుకోవాలన్న కోరిక న్యాయమైనదే, దానికి డబ్బు పెట్టేవాళ్లు పెట్టొచ్చు. అది వ్యవసాయ పెట్టుబడి కాదు, ఇష్టానికి పెట్టే ఖర్చు అని ఇంట్లో చెప్పి పెడితే తగువుండదు. రెండెకరాల లోపు తోటకైతే ఐదారు హెచ్‌పీ కలుపుతీత యంత్రం, గడ్డికోసే బ్రష్ కట్టరు చాలు. రెండూ కలిపినా ట్రాక్టరు ఖరీదులో చిన్న వంతే.

ఇంకొక ప్రమాదం మామిడితోటలో నేను చూస్తున్నాను. బండి ఇంట్లో ఉంది కదా అని అవసరం లేకున్నా రోటవేటరు తిప్పుతున్నారు. మామిడికి తిండి తెచ్చే సన్నవేర్లు చాలావరకు పై అడుగులోనే ఉంటాయి. పదేపదే తిప్పితే అవి తెగుతాయి, రోటవేటరు పళ్లు దిగిన లోతుకు కింద నేల గట్టిపడి నీళ్లు లోపలికి ఇంకవు, వాలునేలల్లో పైమట్టి వానకు కొట్టుకుపోతుంది. గడ్డిని కోసి చెట్టు కిందే పరిస్తే తోటకు ఎక్కువ మేలు.

కొనాలని తేల్చుకున్నవాళ్లు నాలుగు చక్రాలకూ పట్టున్న బండినే చూడాలి. బరువు తక్కువ కాబట్టి రెండు చక్రాలకే పట్టున్న బండి తడినేలలో తిరిగినచోటే తిరుగుతుంది. బండలూ గట్లూ ఎక్కువైన ఈ నేలలో సన్న బండి పక్కకు ఒరిగే భయం ఉంది, బోల్తా పడితే మనిషిని కాపాడే ఇనుప చట్రం ఉన్నది అడిగి తీసుకోండి. వెనక షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. పంచె కొంగో చీర చెంగో చిక్కితే లాక్కునే వ్యవధి కూడా ఉండదు, దాని మీది తొడుగు ఎప్పుడూ తీయకూడదు.

ఒంటరిగా 275 గంటలు చేరనివాళ్లకు ఇంకో దారి ఉంది. పక్కపక్క తోటల అన్నదమ్ములో ఇరుగుపొరుగో ముగ్గురు కలిసి కొంటే తలా తొంభైరెండు గంటలతో గీత దాటేస్తారు, ఒక్కొక్కరి మీద పడే స్థిర ఖర్చు ఏడాదికి 27,500. ఇది ఇప్పటికీ చవక కాదు గానీ మోయగలిగింది. కలిసి కొనే బండ్లు చెడేది డబ్బు దగ్గర కన్నా పదును దగ్గర. వాన పడ్డ మర్నాడు ముగ్గురికీ ఒకే రోజు కావాలి. ఈ ఏడు మొదటి వంతు ఎవరిది, వచ్చే ఏడు ఎవరిది, రిపేరు వస్తే ఆ గంట నడిపినవాడిదా ముగ్గురిదా, ఎవరైనా తప్పుకుంటే వాటా ఎంత కట్టాలి అన్నవి షోరూముకు పోకముందే కాగితం మీద రాసుకుని ముగ్గురూ సంతకాలు పెట్టాలి.