చిరుసేనలకు రంగులు: ప్రాచీనయోధుల వేషమునకు గల ఆధారములు

అంగుళము ఎత్తుగల లోహపు బొమ్మలకు పూర్వకాలపు యోధుల వేషమును రంగులతో తీర్చి, సేనలుగ బల్లపై నిలిపి, పాచికల సాయమున నాటి యుద్ధములను మరల నడపు క్రీడ యొకటి ఐరోపా, అమెరికా దేశములలో విశేషముగ వ్యాపించియున్నది. దీనిని ‘వార్‌గేమింగ్’ అని వ్యవహరింతురు. పైకి ఇది బాలుర వినోదమువలె తోచును. కాని ప్రాచీనసేనను చిత్రింపబూనిన వానికి తొలిదినముననే ఒక చిక్కు ఎదురగును. చరిత్రకారుడు ‘వారు డాళ్లు ధరించిరి’ అని వ్రాసి ముందునకు సాగవచ్చును. చిత్రకారునకు అట్టి వెసులుబాటు లేదు. ఆ డాలు ఏ రంగుదో, ఆ వస్త్రము ఏ చాయదో అతడు నిర్ణయించి తీరవలెను. ఆ నిర్ణయములకు ఆధారములు ఎట్టివి, ప్రాచీనాంధ్రసేనల విషయమున అవి ఎంతవరకు లభించుచున్నవి అను రెండు ప్రశ్నలు ఇచట విచారింపబడుచున్నవి.

క్రీడ పుట్టుపూర్వములు

సేనలను బొమ్మలుగ చేయుట మిక్కిలి ప్రాచీనమైన పని. ఈజిప్టులోని అస్యూట్‌నందు మెసెహ్తి అను అధికారి సమాధిలో 40 మంది ఈటెగాండ్రు, 40 మంది నూబియా విలుకాండ్రు గల రెండు కొయ్యసేనలు దొరకినవి. అవి సుమారు క్రీ. పూ. 2000 నాటివి. వాని మేనిచాయలును, తోలుడాళ్లపై మచ్చలును నేటికిని కానవచ్చుచున్నవి. ఐతే అవి మృతునకు పరలోకమున తోడుగ ఉంచబడినవేకాని ఆటకొరకు చేయబడినవి కావు.

ఆటగా ఇది ప్రష్యాదేశమున రూపొందినది. రైస్విట్జ్ అను నతడు 1812లో అచటి రాజునకు ఒక యుద్ధక్రీడను చూపెను. అతని కుమారుడు దానిని సంస్కరించి 1824లో నియమగ్రంథముగ ప్రకటించెను. అది సేనాధికారుల శిక్షణకు ఉద్దేశింపబడినది. పటముపై జరుపు రంగుదిమ్మెలే అందలి సేనలు. బొమ్మలసేనలు వేరొక త్రోవను వచ్చినవి. జర్మనీలోని న్యూరెంబర్గు నగరమున పదునెనిమిదవ శతాబ్దినుండి తగరముతో పలుచని సైనికుల బొమ్మలు పోతపోయుచుండిరి. ఇంగ్లండులో విలియం బ్రిటన్ సంస్థ 1893లో లోపల గుల్లగానుండు సీసపు బొమ్మలను చేయసాగెను. అట్టి బొమ్మలతో సామాన్యులు ఆడుకొనుటకు తగిన నియమములను హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమున వ్రాసెను. ప్రాచీన, మధ్యయుగముల యుద్ధములయందు అభిరుచి గలవారికొరకు టోనీ బాత్ 1965లో ‘సొసైటీ ఆఫ్ ఏన్షంట్స్’ అను సంఘమును స్థాపించెను. 1969లో ‘వార్‌గేమ్స్ రీసెర్చ్ గ్రూప్’ వారి ప్రాచీనయుద్ధ నియమములు వెలువడినవి.

ఈ నియమములలో ఒక బొమ్మ 20 మంది సైనికులకు గుర్తు. అర్రియను లెక్కప్రకారము క్రీ. పూ. 326లో ఝీలం నదితీరమున అలెగ్జాండరును ఎదిర్చిన పురుషోత్తముని కాల్బలము 30,000. ఆ కాల్బలమునకే 1,500 బొమ్మలు కావలెను. అందుచేత ఆటగాండ్రు సేనలో కొంతభాగమును మాత్రమే చూపుదురు.

రంగులు వేయు విధము

నేడు ఎక్కువగ వాడుకలోనున్నవి 28 మిల్లీమీటర్ల బొమ్మలు, 15 మిల్లీమీటర్ల బొమ్మలు. మొదట అచ్చు రెండుభాగములు కలిసినచోట ఏర్పడు గీతను ఆకురాతితో అరగదీసి, బొమ్మను సబ్బునీట కడిగి ఆరబెట్టుదురు. పిదప తెలుపో, బూడిదవన్నెయో, నలుపో ఒక పూత వేయుదురు. లోహము రంగును నేరుగ పట్టుకొనదు గనుక ఈ తొలిపూత అవసరము. దానిపై వస్త్రమునకు, మేనికి, ఆయుధమునకు వేర్వేరు రంగులు పూయుదురు. పలుచని ముదురురంగును పైన పోసినచో అది పల్లములలో చేరి నీడలనిచ్చును. దాదాపు ఎండిన కుంచెతో లేతరంగును పైపైన తాకించినచో మెట్టలు వెలుగొందును. ఏనుగుచర్మము, గొలుసుకవచము ఈ రెండవ ఉపాయమున చక్కగ కుదురును. తుదిని మెరపులేని వార్నిషు పూసి, అడుగుబిళ్లపై ఇసుక అతికించుదురు.

ఈ క్రమము తెలుగువారికి క్రొత్త కాదు. కొండపల్లి పనివారు పొణికికొయ్యను చెక్కి, అవయవములను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత వేసిన పిదపనే రంగులకు చేయిసాచుదురు.

చిరుబొమ్మలో రంగు నిజమునకు కొంత భిన్నముగ ఉండవలసివచ్చును. 28 మిల్లీమీటర్ల బొమ్మ నిజపురుషునిలో సుమారు 60వ వంతు. దానిని ఒక మీటరు దూరమునుండి చూచుట మనుష్యుని 60 మీటర్ల దూరమునుండి చూచుటతో సమానము. అంత దూరమున కనుపాపలు కానరావు. వస్త్రపు ముడుతలు ఒకదానిలో నొకటి కలిసిపోవును. కావున చిత్రకారుడు నీడను ఉన్నదానికంటె ముదురుగను, వెలుగును ఉన్నదానికంటె లేతగను చూపును. ఇది కంటికొరకు చేయు సవరణ. ఏ రంగు అను ప్రశ్నకు మాత్రము సాక్ష్యమే సమాధానము చెప్పవలెను.

సాక్ష్యములు

గ్రీకు, మాసిడోనియా సేనల విషయమున చిత్రకారుడు అదృష్టవంతుడు. 1887లో సైడన్‌నందు బయల్పడి ఇప్పుడు ఇస్తాంబులు ప్రదర్శనశాలలోనున్న ‘అలెగ్జాండరు శవపేటిక’పై శిల్పములకు పూసిన రంగుల జాడలు నిలిచియున్నవి. 1831లో పాంపేయిలో కనుగొనబడిన రంగురాళ్ల చిత్రమున అలెగ్జాండరు, దారయవహుషుల సేనలు కానవచ్చును.

భారతసేనలకు విదేశీయుల వ్రాతలు ముఖ్యాధారము. క్రీ. శ. రెండవ శతాబ్దివాడైన అర్రియను, అలెగ్జాండరు నౌకాధిపతియగు నియార్కసును అనుసరించి మనవారి వేషమును వర్ణించెను. వారు ఇతరదేశముల నారబట్టకంటె తెల్లనైన ప్రత్తివస్త్రములను ధరింతురనియు, గడ్డములకు తెలుపు, నీలము, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ రంగులు వేసికొందురనియు, తెల్లతోలు చెప్పులు తొడుగుదురనియు అందు కలదు. విల్లు మనుష్యుని ఎత్తు ఉండును; దాని కొనను నేలనుంచి ఎడమకాలితో అదిమి బాణము విడుతురు. డాలు పచ్చితోలుది. కత్తి వెడల్పైనది, రెండుచేతులతో ఎత్తి వ్రేయుదురు. కుంచె పట్టినవానికి ఇంతకంటె ఉపకరించు వాక్యములు అరుదు.

ఐతే ఇవి సింధునదీ ప్రాంతమున చూడబడిన విషయములు. కొన్ని నియమగ్రంథములలో క్రీ. పూ. 500 మొదలు క్రీ. శ. ఆరవ శతాబ్దివరకు భారతసేనలన్నియు ఒకే పట్టికలో చేర్చబడినవి. ఆ పట్టికను పట్టుకొని రంగులు వేసినచో గోదావరితీరపు యోధుడును పంజాబుయోధుని వేషమునే ధరించును. చూచువాడు దానినే చరిత్రయని నమ్మును. ఒక జాతి పూర్వులను వేరొక ప్రాంతపు వేషమున నిలుపుట చిన్న బొమ్మలో జరిగినను చిన్న పొరపాటు కాదు.

ఆంధ్రసేనల సంగతి

ఆంధ్రులకు కోటలు గల 30 పట్టణములు, లక్ష కాల్బలము, 2,000 గుర్రములు, 1,000 ఏనుగులు కలవని క్రీ. శ. 79లో మరణించిన రోమకపండితుడు ప్లినీ వ్రాసెను. పై లెక్కను కాల్బలమునకు 5,000 బొమ్మలు! కాని ప్లినీ వాక్యమున సంఖ్యలేకాని ఒక్క రంగైనను లేదు.

సంఖ్యలు విడిచి రూపమును వెదకినచో ఆధారములు పలుచోట్ల చెదరియున్నవి. వానిలో పెక్కు నేడు తెలుగువారు తరతరములుగ కాపురమున్న పొరుగు రాష్ట్రములలోనే కలవు. శాతకర్ణి శిల్పుల పెద్దయగు ఆనందుని శాసనము సాంచీ దక్షిణతోరణముపై కలదు. ఆ తోరణముననే బుద్ధధాతువులకొరకు జరిగిన కుశినగర యుద్ధము చెక్కబడినది. ఒరిస్సాలో ఉదయగిరి హాథిగుంఫా శాసనము, శాతకర్ణిని లక్ష్యపెట్టక ఖారవేలుడు పడమటికి చతురంగబలమును పంపెనని తెలుపును. కర్ణాటకమున కనగనహళ్లి స్తూపపు త్రవ్వకములలో శాతవాహనరాజుల పేళ్లు గల ఫలకములు బయల్పడినవి. అమరావతి శిల్పములలో గొప్పభాగము చెన్నపట్టణపు ప్రదర్శనశాలలోను, లండనులోను కలదు. వీనివలన ఆయుధముల ఆకృతి, తలపాగల చుట్టు, ఏనుగునెక్కు తీరు తెలియును. సాంచీ శిల్పములలో యోధులు ఏనుగు మూపుపై నేరుగ కూర్చుందురు. అందుచేత కొండపల్లి అంబారీ ఏనుగు ఎంత ముద్దుగనున్నను దానిని శాతవాహన సేనలో నిలుపరాదు.

రాతికి ఆకృతి మిగిలినది, రంగు మిగులలేదు. గ్రీకులు రంగు చెప్పిరి. అది మన ప్రాంతపుది కాదు. ఈ రెంటికి నడుమ వంతెనవంటిది మహారాష్ట్రమునందలి అజంతా. 1819లో ఆంగ్లసైనికులు చూచిన పదవ గుహలో శాతవాహనకాలపు చిత్రములున్నవి. రాజు సపరివారముగ బోధివృక్షమును సేవించు దృశ్యము అందు కలదు. పదునేడవ గుహలోని సింహళుని కథలో ఏనుగులు, గుర్రములు గల సేన కలదు గాని అది ఐదవ శతాబ్దిది, వాకాటకులనాటిది. హైదరాబాదు సంస్థానకాలమున, 1920 ప్రాంతమున, ఇటలీనిపుణులు ఈ చిత్రములను కాపాడుటకు పూసిన లక్కవార్నిషు క్రమముగ పసుపెక్కినది. పాత ఛాయాచిత్రములను నమ్మి రంగు కలిపినవాడు శాతవాహనుల వర్ణమును విడిచి ఇరువదవ శతాబ్దపు వార్నిషును చిత్రించినవాడగును. వార్నిషు తొలగింపబడిన పిమ్మటి చిత్రములనే చూడవలెను.

అజంతా పదవ గుహలో ఎరుపు, పసుపు మట్టిరంగులు, తెలుపు, నలుపు, ఆకుపచ్చ ప్రధానములు. లాజవర్దపు నీలము తరువాతి గుహలలోనిది. ఇవి గోడరంగులు గనుక వస్త్రమునకు నాటి అద్దకమునుగూడ విచారింపవలెను. నీలి, మంజిష్ఠ, లక్క, కుసుంభము ప్రాచీనవాఙ్మయమున కన్పట్టు అద్దకములు. ఈ చాయలు వాడినవాడు తప్పినను ఎక్కువ దూరము తప్పడు. 1856లో పెర్కిన్ కనుగొన్న కృత్రిమపు ఊదా మొదలుగాగల మిరుమిట్ల రంగులను మాత్రము దూరముగ ఉంచవలెను.

ముగింపు

కాబట్టి ప్రాచీనాంధ్రసేనను చిత్రించువాడు తన రంగులను మూడుతెగలుగ విడదీసికొనుట మేలు: సాక్ష్యము చెప్పినవి, సాక్ష్యమునుబట్టి ఊహింపదగినవి, చోటు నింపుటకు వేసినవి. అడుగుబిళ్ల క్రింద ఏ రంగు ఏ తెగదో చిన్న అక్షరములతో వ్రాసియుంచినచో, తరువాత క్రొత్త ఆధారము దొరకినప్పుడు దిద్దుటకు వీలగును.

పరరాష్ట్రములలోని తెలుగు పాఠశాలలకు ఇది అనువైన అభ్యాసము. మదరాసు పిల్లలు అమరావతి ఫలకములను, కర్ణాటకపు పిల్లలు కనగనహళ్లిని, ఒరిస్సా పిల్లలు ఉదయగిరిని, మహారాష్ట్రపు పిల్లలు అజంతాను చూచి, తమ ఊరికి దగ్గరనున్న సాక్ష్యమునుండి ఒక్కొక్క యోధుని మట్టితోనో, కొయ్యతోనో చేసి రంగు వేయవచ్చును. నాలుగుచోట్ల బొమ్మలను ఒక్కబల్లపై చేర్చినప్పుడు ఆ సేన ఏ విదేశీయుని పట్టికలోను లేని సేనయగును. అందు తెలియని రంగులు చాల ఉండును. అవి తెలియనివని ఆ పిల్లలకు తెలిసియుండును.