కుంపటి శుభ్రత – ఇంటిల్లిపాది క్షేమం

గ్యాసు పొయ్యి వచ్చి ఎన్నో ఏళ్లయినా వంకాయలు, మొక్కజొన్న కండెలు కాల్చడానికి మా ఇంట నేటికీ బొగ్గుల కుంపటినే వాడుతున్నాము. దాని శుభ్రతను చాలాకాలం నేను కేవలం చూపుకు సంబంధించిన విషయంగానే భావించాను.

ఒక వర్షాకాలపు రాత్రి జల్లు పడుతున్నదని వెలుగుతున్న కుంపటిని వరండాలోకి తెచ్చి తలుపులు మూశాము. అప్పటికి నాలుగు రోజుల బూడిద అందులోనే ఉన్నది. పొగ ఏమాత్రం లేదు. అరగంటలో నా భార్యకు తీవ్రమైన తలనొప్పి పట్టుకున్నది. మా అమ్మగారికి కళ్లు తిరిగి వాంతి అయినది. వెంటనే ఇద్దరినీ ఆరుబయటకు తెచ్చి, ఆసుపత్రికి తీసుకువెళ్లాము. దైవకృపవలన కోలుకున్నారు.

పొగ లేదు కనుక ప్రమాదం లేదనుకోవడమే మా పొరపాటు. బొగ్గు కాలేటప్పుడు రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. జల్లెడ రంధ్రాలు బూడిదతో పూడిపోతే నిప్పుకు గాలి చాలక ఈ వాయువు మరింత హెచ్చుతుంది. పొగ సోకినవారికి ఆయాసం, దగ్గు, కళ్ల మంట కలుగుతాయని సుశ్రుత సంహిత సూత్రస్థానంలోని 12వ అధ్యాయం చెబుతున్నది. ఈ వాయువు అటువంటి హెచ్చరిక కూడా ఇవ్వదు. దీనికి గృహచికిత్స లేదు. కషాయాలతో కాలయాపన చేయక రోగిని స్వచ్ఛమైన గాలిలోకి తెచ్చి, ఆసుపత్రికి చేర్చవలెను.

వంట ముగిసిన వెంటనే బూడిద ఎత్తరాదు. పైకి చల్లారినట్లు కనిపించినా లోపల నిప్పు ఒక రోజుకు పైగా కూడా నిలిచి ఉండవచ్చును. పూర్తిగా చల్లారిన పిమ్మట మూత గల ఇనుప డబ్బాలోకి ఎత్తి, ఆ డబ్బాను ఆరుబయటే ఉంచవలెను. ప్లాస్టిక్ బకెట్టు, కాగితపు సంచి పనికిరావు. జల్లెడ రంధ్రాలను సన్నని పుల్లతో పొడిచి, అడుగున గాలి వెళ్లే దారిని తుడవవలెను. తడిసిన బూడిద ఇనుమును తినివేస్తుంది గనుక కుంపటిని వానలో వదలరాదు.

మాంసం, చేపలు కాల్చేవారు పైనుంచే ఇనుప జాలీని ప్రతిసారీ తోమవలెను. కొవ్వు నిప్పులపై పడి లేచే పొగలో బెంజోపైరీన్ వంటి క్యాన్సర్ కారకాలు ఉంటాయి. జాలీ గోరువెచ్చగా ఉండగానే కొబ్బరి పీచుతో, కుంకుడు రసంతో తోమి, కడిగి, ఆరబెట్టి, నువ్వుల నూనె పలుచగా రాస్తే తుప్పు పట్టదు. తీగల బ్రష్షు వాడవద్దు. అట్టి బ్రష్షుల నుండి ఊడిన తీగముక్కలను ఆహారంతోపాటు మ్రింగి రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఆరుగురు గాయపడినట్లు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2012లో వెల్లడించినది.

ఎంత శుభ్రమైన కుంపటైనా మూసిన గదిలో ప్రమాదమే. ఆ రాత్రి నుండి మా ఇంట నియమం ఒక్కటే: బూడిద తీయనిదే నిప్పు రాజేయరాదు, నిప్పు ఉన్నంతవరకు కుంపటి గడప దాటి లోపలికి రారాదు.