ఘటోత్కచుడి నవ్వు ఎక్కడిది?

సిద్దిపేటలో పెళ్లికి వెళ్తే, భోజనాల టైమ్‌కి ‘వివాహ భోజనంబు’ ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. ఈమధ్య డీజే బీట్‌తో వస్తోంది. "మంచి పాటను ఖరాబ్ చేసిండ్రు" అని పెద్దోళ్లు గొణుగుతారు. నిజంగా ఖరాబైందా?

1957లో ‘మాయాబజార్’ కోసం మాధవపెద్ది సత్యం పాడిన ఈ పాట అంతకుముందే నాటకాల్లో ఉంది. ట్యూన్ వింటే, చార్లెస్ పెన్‌రోజ్ 1922లో రికార్డు చేసిన ఇంగ్లిష్ కామెడీ పాట ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ గుర్తొస్తుంది. దాని మూలం ఇంకా పాతది: 1890ల్లో నల్లజాతి అమెరికన్ గాయకుడు జార్జ్ జాన్సన్ పాడిన ‘ది లాఫింగ్ సాంగ్’. రికార్డులను కాపీ చేసే టెక్నాలజీ అప్పట్లో పెద్దగా లేదు. అందుకే ఆయన అదే పాట పాడి, అదే నవ్వు వేలసార్లు నవ్వాల్సి వచ్చింది!

స్టేజీ కామెడీకి ఈ ప్రయాణాలు మామూలే. 1885లో లండన్‌లో మొదలైన సంగీత నాటకం ‘ది మికాడో’ను, 1939లో నల్లజాతి కళాకారులు ‘ది హాట్ మికాడో’ పేరుతో బ్రాడ్‌వేలో జాజ్ స్టైల్లో ఆడారు. కథ అదే, ఊపు మారింది. విచిత్రం ఏంటంటే, మన సురభి నాటకాలు కడప జిల్లాలో పుట్టింది కూడా 1885లోనే. వాళ్ల ‘మాయాబజార్’ ఇప్పటికీ ఆడుతోంది.

కాబట్టి బీట్ మార్చడం తప్పు కాదు. కానీ వంటకాల పేర్లను బాస్ మింగేస్తే నవ్వు పోతుంది. ఇంకోటి: వేరేవాళ్ల కోడ్ తీసుకుంటే వాళ్ల పేరు ఉంచుతాం కదా. రీమిక్స్ కింద కూడా ఒక్క లైన్ రాస్తే ఏం పోతుంది?