దంతాల సవరణ, మత్తుమందు: షరీఅత్ దృష్టి

వంకరపళ్లను సరిచేయడానికి లోహపు తీగలకు బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగులు వాడే పద్ధతి 1990ల చివర అమెరికాలో మొదలై, నేడు హైదరాబాదు వంటి నగరాలలోనూ వాడుకలో ఉంది. దంతవైద్యమంటే భయపడేవారికి మత్తు ఇచ్చే సదుపాయమూ ఉంది. ఈ రెండింటి విషయంలోనూ విశ్వాసికి కలిగే సందేహం ఒక్కటే. పంటిని అరగదీయటం, తెలివిని మందగింపజేయటం మామూలు పరిస్థితులలో షరీఅత్ వారించిన పనులు. చికిత్స కోసమైతే అవి ధర్మసమ్మతమవుతాయా?

అలైనర్లు అనబడే ఈ తొడుగులు నోటి కొలతలను బట్టి వరుసగా తయారవుతాయి. ఒక్కొక్కటి పంటిని సుమారు పావు మిల్లీమీటరు మాత్రమే జరుపుతుంది. ఒకటి రెండు వారాలకొకసారి దానిని మార్చాలి. రోజుకు 20 నుండి 22 గంటలు ధరించాలి. భోజనానికి, పళ్లు తోముకోవటానికి తీయవచ్చు. పళ్లు ఇరుకుగా ఉన్నప్పుడు వైద్యుడు రెండు పళ్ల నడుమ ఎనామెల్ పొరను, సాధారణంగా అర మిల్లీమీటరుకు మించకుండా, అరగదీసి చోటు కల్పిస్తాడు. సందేహం పుట్టేది ఇక్కడే.

అందం కోసం పళ్ల మధ్య సందులు చేయించుకునే స్త్రీలు శాపగ్రస్తులని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్‌ఊద్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. వయసు మళ్లినవారు పడుచువారిగా కనిపించాలని ముందుపళ్లను అరగదీయించుకోవటం ఆనాటి ఆచారం. ఇందులోని ‘అందం కోసం’ అన్న మాటే కీలకమనీ, చికిత్సకో పంటిలోని లోపాన్ని తొలగించటానికో అయితే దోషం లేదనీ ఇమామ్ నవవీ (రహ్మలై) వివరించారు. హజ్రత్ అర్ఫజా (రజి) ఉదంతం దీనికి బలమిస్తుంది. యుద్ధంలో ముక్కు కోల్పోయిన ఆయన వెండి ముక్కు పెట్టించుకోగా అది దుర్వాసన కొట్టింది. అప్పుడు బంగారు ముక్కు పెట్టించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. పురుషులకు నిషిద్ధమైన బంగారం అవసరం కారణంగా అనుమతించబడింది. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా 2007లో, గ్రహణం మొర్రి, అదనపు పళ్లు వంటి లోపాలు శారీరకంగానో మానసికంగానో గణనీయమైన బాధ కలిగిస్తుంటే వాటిని సరిచేయవచ్చునని తీర్మానించింది. నమలటానికి, శుభ్రపరచుకోవటానికి, మాట్లాడటానికి ఆటంకమయ్యే పళ్లను సవరించుకోవటం ఈ కోవలోనిదే. చక్కగా ఉన్న పలువరుసను ఫ్యాషన్ కోసం అరగదీయించుకోవటం ఈ కోవలోకి రాదు.

హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం గుస్ల్‌లో నోరు పుక్కిలించటం ఫర్జ్. కాబట్టి ఆ సమయంలో తొడుగును తీయాలి. తొడుగు పట్టు కోసం పళ్లకు అతికించే చిన్న బొడిపెలు చికిత్స ముగిసేదాకా తీయలేనివి గనుక, పంటిలో నింపిన సిమెంటు వంటివే. ఉపవాసంలో తొడుగు ధరించినంత మాత్రాన రోజా భంగం కాదు. అయితే సహరీ తరువాత తొడుగునూ పళ్లనూ శుభ్రం చేసుకోవాలి. పళ్లలో మిగిలిన ఆహారం మింగరాదు.

ఇక మత్తు విషయం. అలైనర్లకు సాధారణంగా మత్తు అక్కరలేదు. వాటికి ముందు పళ్లు పీకవలసివస్తే ఈ ప్రశ్న వస్తుంది. తిమ్మిరి ఇంజక్షన్ ఆ చోటును మొద్దుబారుస్తుందే గాని తెలివిని తాకదు. నైట్రస్ ఆక్సైడ్ వాయువు భయాన్ని తగ్గిస్తుంది. ఆపి ఆక్సిజన్ ఇస్తే కొద్ది నిమిషాలలో దాని ప్రభావం పోతుంది. మత్తు మాత్రల మగత గంటల తరబడి ఉంటుంది. నరంలోకి ఇచ్చే మత్తు ఇంకా లోతైనది కావచ్చు. పూర్తి స్పృహ తప్పించటం చివరిది.

మత్తులోని ప్రమాదం హైదరాబాదుకు కొత్త కాదు. క్లోరోఫారం చంపేది శ్వాసను ఆపియా, గుండెను ఆపియా అన్న వివాదంపై 1888, 1889లలో ఆరవ నిజాం ఖర్చుతో ఇక్కడ రెండు పరిశోధక సంఘాలు పనిచేశాయి. నేటి దంతవైద్యంలో క్లోరోఫారం లేదు. అయినా మత్తు ఇచ్చినంతసేపూ శ్వాసను, గుండెను కనిపెట్టి ఉండటం తప్పనిసరి.

పుచ్చిన అవయవాన్ని తొలగించటానికి మత్తు పదార్థం వాడటాన్ని పూర్వ ధర్మవేత్తలే అనుమతించారు. స్పృహ తప్పితే వుజూ భంగమవుతుంది. స్పృహ ఉన్నా, రక్తం పారితే హనఫీల దృష్టిలో వుజూ పోతుంది. తప్పిన నమాజును తరువాత నెరవేర్చాలి గనుక, వీలైతే నమాజు వేళ మించిపోకుండా చికిత్స సమయం కుదుర్చుకోవటం మేలు. పోషక ద్రవాలు ఎక్కించకపోతే మత్తు వాయువు వల్ల రోజా భంగం కాదని అదే అకాడమీ 1997లో పేర్కొన్నది. మగతలో ఇచ్చిన మాట తెలివిగల సమ్మతి కాదు. కనుక ఏ పన్ను తీయాలి, ఖర్చెంత అన్న అంగీకారాలన్నీ మత్తుకు ముందే జరగాలి. ఇంటికి తీసుకువెళ్లటానికి ఒకరు తోడుండాలి.

అవసరం కల్పించే అనుమతి అవసరమున్నంత మేరకే అన్నది ఫిఖ్హ్ సూత్రం. తిమ్మిరి ఇంజక్షన్‌తో సరిపోయేచోట నిద్రమత్తు కోరరాదు. చోటు చాలినప్పుడు పంటిని అరగదీయించరాదు. ఆ మేర ఎంతో తేల్చగలవాడు నమ్మకస్తుడైన వైద్యుడు. కుర్చీలో కూర్చోకముందే అతనిని అడిగి తెలుసుకోవటం రోగి బాధ్యత.